కాగితం ఎక్కని ముఖం

1942లో మేము కర్నూలులో ఫోటో స్టూడియో నడుపుతుండేవాళ్లం. వీధి వైపు గది మా ఆయనది, పెరటి వైపు గది నాది. గోషా పాటించే ఇళ్ల ఆడవాళ్లు మగవాళ్ల ముందు కూర్చోరు గనుక వాళ్ల ఫోటోలు నేనే తీసేదాన్ని. నేను బడికి పోలేదు. మా నాయన బైబిలు ముందు పెట్టుకొని అక్షరాలు నేర్పాడు, మా ఆయన కెమెరా నేర్పాడు. ఆ ఇద్దరి చేతుల మీదుగా దేవుడు నాకు అన్నం పెట్టాడు.

మా పనికి మూలం నెగటివ్. ఫోటో తీసిన గాజు ప్లేటును మందునీళ్లలో కడిగితే తేలే బొమ్మ అది. అందులో నల్లనివి తెల్లగా, తెల్లనివి నల్లగా ఉంటాయి. దాని గుండా కాగితానికి వెలుతురు పట్టిస్తేనే ముఖం ముఖంలా వస్తుంది. ఇంగ్లీషులో ఆ మాటకు కాదనడం, ఎదురు చెప్పడం అని అర్థాలట. ఆసుపత్రిలో కఫం పరీక్ష నెగటివ్ అంటే జబ్బు లేదని ఇంటివాళ్లు దేవునికి దండం పెట్టుకుంటారు. మాకు మాత్రం ఇంకా కాగితం ఎక్కని మనిషి అని అర్థం.

ఆ ఏడు వానల్లో కల్లూరు నుంచి హుసేన్‌బీ అనే పెద్దామె, కొత్త కోడలు జైనబీని తీసుకొని జట్కాలో వచ్చింది. వెంట కొడుకు మస్తాన్. దర్జీ. యుద్ధంలో బట్టలు కుట్టే పనికి పటాలంలో చేరాడు. పెళ్లాం ఫోటో ఒక్కటైనా దగ్గర పెట్టుకొని పోతానని తల్లిని ఒప్పించి తెచ్చాడు.

బయట మబ్బు పట్టి ఉంది. ఉన్న వెలుతురులోనే తీశాను. బొమ్మ దట్టంగా రాలేదు. మేము దాన్ని పలచటి నెగటివ్ అంటాం. ప్లేటు ఆరేలోగా హుసేన్‌బీ తలుపు సందు నుంచి ముందు గదిలోకి చూసింది. పటాలానికి పోయే కుర్రాళ్లు ఒకరి ఫోటో ఒకరు లాక్కొని నవ్వుకుంటున్నారు.

తిరిగి వచ్చి, "కాగితం మీదికి తీయొద్దు బిడ్డా," అంది. "అంతమంది మొగోళ్లు పండుకునే తావున నా కోడలి ముఖం తిరగల్లనా? వద్దు."

మస్తాన్ గడప అవతల నుంచే బతిమాలాడు. "మ్మా, నేను యాడికి పోతాండానో నాకే తెలీదు. ముఖం మర్సిపోతే ఎట్ల?"

"అంతలోనే మర్సిపోయేవానివి పెండ్లెందుకు జేసుకుంటివిరా?"

జైనబీ నవ్వబోయి, నవ్వలేక ముసుగు దించుకుంది.

ఇద్దరిలో ఎవరి పక్షం మాట్లాడాలో తోచక మనసులోనే ప్రార్థన చేసుకున్నాను. ఇంతలో హుసేన్‌బీ ప్లేటు అడిగి తీసుకొని కిటికీకి ఎత్తి చూసింది.

"ఇదేంది, జుట్టు తెల్లగుండాది, ముఖం బొగ్గు మాదిరుండాది. ఎవురన్నా జూస్తే నా కోడలని గుర్తుపడతారా?"

"పట్టరమ్మా."

"అయితే ఇదే పెట్టుకొని పోనీ."

"ఈ దెయ్యాన్నా?" అన్నాడు మస్తాన్.

ఆమె ప్లేటును ఒళ్లోకి దించింది. నల్ల బుర్ఖా మీద అది ఏటవాలుగా నిలిచింది. పలచటి నెగటివ్‌ను నల్లని దాని మీద పెడితే నలుపు తెలుపులు తారుమారై మామూలు ముఖం కనిపిస్తుంది. నాకు తెలిసిన సంగతే. ఆమెకు తెలియదు. ఆ ఒడిలోంచి జైనబీ చూస్తోంది. హుసేన్‌బీ దాని మీదికి వంగింది.

ముఖం తెలిసిపోతోంది గనుక మళ్లీ వద్దంటుందేమో అనుకున్నాను.

ఆమె కత్తెర అడిగింది. బుర్ఖా అంచు లోపలి మడత కత్తిరించి, ప్లేటుకు చుట్టి, కొడుకు చేతికిచ్చింది.

"ఒక్కనివే ఉన్నప్పుడు ఈ గుడ్డ మీదనే పెట్టి సూడు. నలుగుర్లో తీయొద్దు."

అతను గోడ వైపు తిరిగి ప్లేటును గుడ్డ మీద పెట్టి చూశాడు. మళ్లీ మా వైపు తిరగడానికి కొంచెం సేపు పట్టింది.

యుద్ధం ముగిశాక మస్తాన్ తిరిగి వచ్చాడు, దేవునికి స్తోత్రం. తల్లీకొడుకులు చూసిపోదామని వచ్చారు. ప్లేటు ఒక మూల పగిలింది, గుడ్డ మాసింది. "ఇప్పుడు కాగితం తీయమంటారా?" అని అడిగాను.

"ఎందుకు బిడ్డా," అంది హుసేన్‌బీ, "మనిషే ఇంట్లో ఉండాడు గదా."

అప్పటి నుంచి ఎవరైనా వద్దంటే నేను వెంటనే ప్లేటు పక్కన పెట్టను. ఎవరికి వద్దో, ఎంతవరకు వద్దో చెప్పేదాకా ఓపిక పడతాను. ఆ రోజు మబ్బుకు కూడా దేవునికి వందనాలు చెప్పుకుంటాను. ఎండ బాగా కాసి ఉంటే నెగటివ్ దట్టంగా వచ్చేది. ఆ నల్ల గుడ్డ మీద ఆమెకు ఏమీ కనపడేది కాదు.