జ్వరమొస్తే బదులు మనిషి

మా బట్టల దుకాణంలో పని చేసేవాళ్లకు జబ్బు చేస్తే సెలవు లేదు. జబ్బు పడ్డ మనిషే తన బదులు ఇంకో మనిషిని వెతికి పంపాలి. ఆ పద్ధతి ప్రకారమే నడుచుకున్నందుకు, పన్నెండేళ్లు పరుపు మీద కూర్చుని గిరాకీలకు చీరలు చూపించిన ఒక ఆడమనిషి తన కొలువు పోగొట్టుకుంది. ఎవరిని పంపాలో ఆమెకు సలహా చెప్పింది నేనే.

మా దుకాణం అంటున్నాను గానీ అది నాది కాదు. సిద్దిపేట పాత బస్టాండు నుంచి నడిచి పోయేంత దూరం. పడుచుతనంలో చేరి, మోకాళ్లు మొరాయించే దాకా అక్కడ బట్ట కొలిచాను. బడి మొహం చూసిన వాణ్ని కాదు. చీరల మడతల్లో పెట్టే పాత పేపర్లే నా పుస్తకాలు. గిరాకీ లేని మధ్యాహ్నాలు ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదువు నేర్చుకున్నాను. ఆ అలవాటు కొద్దీ ఇప్పటికీ పేపరును టెండరు ప్రకటనలతో సహా చదువుతాను.

బదులు మనిషి పద్ధతి పెద్ద సేటు పెట్టింది. ఆయన దాన్ని దయ అనుకునేవాడు. వేరే దుకాణాల్లో నాలుగు రోజులు రాకపోతే ఐదో రోజు కొత్తవాడు కూర్చునేవాడు. ఈయన అట్లా కాదు. "గిరాకొచ్చేటాళ్లకు పరుపు ఖాళీ ఉండొద్దు. గంతే. ఎవర్ని తోలుతవో నీ ఇష్టం. నువ్వు లేసినంక నీ జాగ నీదే" అనేవాడు. ఆ మాట తప్పలేదు కూడా. తప్పాల్సిన అవసరం రాలేదు. ఎందుకు రాలేదో ఆయనకు తెలియకపోయినా మాకు తెలుసు.

నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు మా బామ్మర్ది వెళ్లాడు. వాడిది జగదేవ్‌పూర్, కల్లు గీసే పని. పై అరలోని తాను దించమంటే నిచ్చెన వేసుకోకుండా అల్మారా పట్టుకుని ఎగబాకాడట. దౌల్తాబాద్ నుంచి పెళ్లి బట్టలకు వచ్చిన వాళ్లతో, "అక్కా, గీ రంగు తీస్కోకు, ఒక్క ఉతుకుకే పోతది" అన్నాడట. నేను మంచం మీదుండగా పెద్ద సేటు ఇంటికే వచ్చాడు.

"ఏమయ్యా, నీకు జరమొచ్చిందా, నా దుకాణానికి వచ్చిందా? జల్ది లెవ్వు. నీ బామ్మర్ది ఇంకో వారముంటే నేను గూడ తాటిచెట్లెక్కాలె."

అందరం నవ్వాం. ఆ నవ్వులోనే అసలు సంగతి ఉంది. దుకాణంలో ఎవరికి జబ్బు చేసినా ఇంట్లో పనికిరాని వాణ్నే పంపేవాళ్లు. చెవుడున్న మామను ఒకరు, కొలకట్టె తిరగేసి పట్టే తమ్ముణ్ని ఒకరు. ఇట్లా చేయాలని ఎవరూ ఎవరికీ చెప్పలేదు. కానీ అందరికీ తెలుసు. బదులు వచ్చినవాడు మనకంటే తక్కువ వాడైతేనే మన జాగ మనకు దక్కుతుంది. పెద్ద సేటు మాట నిలబెట్టింది ఆయన దయ కాదు, మా బామ్మర్దుల చేతకానితనం.

ఇంత తెలిసిన వాణ్ని, ఆ ఆడమనిషికి మాత్రం తప్పు సలహా చెప్పాను.

ఆమె నా పక్క పరుపు మీదే పని చేసింది. వచ్చినామె ఒళ్లో ఏ చీర వేస్తే లేవకుండా కొంటుందో ఆమెకు మొహం చూసి తెలిసేది. భర్త లేడు. ఒక్క కొడుకు, లారీ మీద పోతాడు. పోయిన ఏడాది ఆమెకు పచ్చకామెర్లు వచ్చాయి. దవాఖానలో నెల రోజులు లేవొద్దన్నారు. అప్పటికి గల్లా పెద్ద సేటు కొడుకు, చిన్న సేటు చేతికొచ్చింది. నేను పని మానేసి ఇంటి దగ్గరే ఉంటున్నాను. ఫోన్ చేసింది.

"అన్నా, ఎవర్ని తోలాలె? మా చెల్లెను తోలుదామంటే దానికి కండ్లు సరిగ కనవడవు."

"పెండ్లిల్ల సీజన్ గదమ్మా. కండ్లు కనవడనామెను తోలితే చిన్న సేటు నీ మీదనే గరమైతడు. నీ కోడలున్నది గదా, ఇంటర్ చదివింది. దాన్ని తోలు."

చెల్లెలినే పంపు అని ఉంటే ఆమె ఇవాళ పరుపు మీదే ఉండేది. దుకాణం పరువు గురించి ఆలోచించాను. పని మానేసినా ఆ జబ్బు నన్ను వదల్లేదు.

కోడలు రెండు రోజుల్లోనే పని పట్టుకుంది. చీరలను ఫోటోలు తీసి గిరాకీలకు ఫోన్లో పంపడం మొదలుపెట్టింది. మర్కూక్‌లో ఇంటి దగ్గరే కూర్చుని రంగు ఎంచుకుని, కొడుకును పంపి తెప్పించుకునే వాళ్లు తయారయ్యారు. నెల తర్వాత అత్త తేరుకుని, తల దువ్వుకుని, టిఫిన్ డబ్బా పట్టుకుని దుకాణానికి వెళ్లింది. పరుపు మీద కోడలు ఉంది. అత్తను చూసి లేచి నిలబడింది.

గల్లా దగ్గర నుంచి చిన్న సేటు, "నువ్వు కూసో, ఎందుకు లేస్తున్నవ్?" అని కోడలితో అన్నాడు. అత్తతో, "అక్కా, ఇంకా మొఖం పీక్కపోయే ఉన్నది. ఇంటికాడ రెస్ట్ తీస్కో" అన్నాడు.

"రెస్ట్ అయిపోయింది సేటూ. నా కొలువు నాకియ్యి."

"నీ కొలువు యాడికి పోయిందక్కా? నీ ఇంట్లనే ఉన్నది గదా!"

ఈ మాట ఆమె నాకు చెప్పి, "దీనికి ఏం జవాబు చెప్పాలె అన్నా?" అని అడిగింది.

వాళ్ల ఇంటికి వెళ్లి చూశాను. ఇప్పుడు అత్త వంట చేసి డబ్బా కడుతోంది, కోడలు తీసుకుని పోతోంది. కోడలు చెడ్డది కాదు. "నేను మానేస్త, మా అత్తమ్మను పెట్టుకో" అని రెండుసార్లు సేటుకు చెప్పి చూసిందట. నువ్వు మానేస్తే వేరేటామెను చూస్కుంట, మీ అత్తను మాత్రం పెట్టుకోను అన్నాడట. దాంతో అది నోరు మూసుకుంది. పక్కింటామె గోడ మీంచి, "ఏం వదినా, కోడలు నౌకర్కి పోతుంటే నీకు రాణిబతుకేనాయె" అంది. ఈమె బియ్యంలో రాళ్లు ఏరుతూ, "అవ్ వదినా, రాణికి రాజ్యం ఒక్కటే తక్కువ" అంది. నవ్వుతూ అనలేదు.

ఆ రోజుల్లోనే పేపర్లో చదివాను. చిన్న దుకాణాల్లో పని చేసేవాళ్లకు కూడా జబ్బు సెలవు తప్పనిసరిగా ఇచ్చేట్టు చట్టం తేవాలని ఎక్కడెక్కడో ప్రతిపాదనలున్నాయట. మనకు ఇప్పటికే కాగితం మీద సెలవులున్నాయని ఒకసారి యూనియన్ మనిషి చెప్పాడు. ఉండవచ్చు. నేను పని చేసినన్నాళ్లూ ఆ కాగితం మా గడప తొక్కలేదు. కొత్త చట్టం గురించి రాసినవాళ్లు ఎన్ని రోజులివ్వాలి, డాక్టరు చీటీ కావాలా వద్దా అని వాదించుకున్నారు. బదులు మనిషి మాట ఒక్కరూ ఎత్తలేదు. జబ్బు పడ్డవాడికి మంచం మీద ఉండగా వచ్చే భయం రోజుల గురించి కాదు. లేచి పోయాక తన జాగలో ఎవరుంటారన్నదే భయం. చట్టం రాసేవాళ్లు ఒక్కసారైనా పరుపు మీద కూర్చుని, ఒక్కసారైనా జ్వరంతో పడుకుని ఉంటే, మొదటి వరుసలో ఆ మాటే రాసేవాళ్లు.

చిన్న సేటుకు ఉత్తరం రాశాను. మాట్లాడితే గిరాకీ మధ్యలో నవ్వి దాటేస్తాడని కాగితం మీద పెట్టాను. వాళ్ల నాయన ఇచ్చిన మాట గుర్తు చేశాను. ఇట్లాంటి చట్టం రాబోతోందట, అది వచ్చే దాకా ఆగడం ఎందుకు, జబ్బు పడ్డ మనిషికి సెలవిచ్చే మొదటి దుకాణం నీదే అనిపించుకో అన్నాను. బదులు మనిషిని పంపమని ఇకపై ఎవర్నీ అడగొద్దన్నాను. కోడలు పని మంచిగుంటే ఆమెనూ ఉంచుకో, కానీ అత్త జాగ అత్తకివ్వు అన్నాను. మూడుసార్లు దిద్ది, మంచి కాగితం మీద ఎక్కించి, నేనే వెళ్లి గల్లా మీద పెట్టి వచ్చాను. అతను లేచి కుర్చీ వేశాడు, చాయ్ తెప్పించాడు. ఉత్తరం మాత్రం నా ముందు విప్పలేదు.

మూడు వారాలు ఏ జవాబూ లేదు. ఆమె రోజూ ఫోన్ చేసేది, "ఏమన్న చెప్పిండా అన్నా?" అని. తర్వాత రోజు విడిచి రోజు చేసింది. ఆ తర్వాత నేనే చేసేవాణ్ని.

చివరికి నా ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. ఇది అతను రాసింది రాసినట్టు:

"కాకా, నీ ఉత్తరం రెండుసార్లు చదివిన. అక్షరాలు ముత్యాల్లెక్క ఉన్నయి. నాయిన చెప్పిన మాట నేను మర్చిపోలే, గా పద్ధతి తీసే ముచ్చటే లేదు. చట్టం వచ్చిన్నాడు చూద్దాం. అక్కను ఫికరు చెయ్యొద్దని చెప్పు. ఆమె జాగ యాడికీ పోదు. కోడలికి ఎప్పుడన్న పానం బాగలేకపోతే, బదులు మనిషిగ అక్కనే రమ్మను."