లోపలమ్మాయి

ఆమె పుట్టింది ఆ బడి ఆవరణలోనే, వంటశాల వెనక వరసగా కట్టిన సిబ్బంది ఇళ్ళలో. తండ్రి అక్కడ వంట మేస్త్రి. ఎక్కడెక్కడి నుంచో పెద్దింటి పిల్లలు పెట్టెలు మోయించుకుంటూ వచ్చి చేరే బడి అది. అందులో సీటు దొరికిందంటే ఆ ఇంటివాళ్ళ కాళ్ళు నేల మీద ఆనేవి కావు. సిబ్బంది పిల్లలకి మాత్రం ఉచితంగా ఇచ్చేవారు కాబట్టి ఆమె కూడా అక్కడే హాస్టల్లో ఉండి చదువుకుంది. సెలవులొస్తే అందరూ రైళ్ళూ కార్లూ ఎక్కి ఇళ్ళకి పోయేవారు. ఈమె పరుపుచుట్ట చంకన పెట్టుకుని వంటశాల వెనక్కి నడిచేది. అందుకని తోటి పిల్లలు 'లోపలమ్మాయి' అని పేరు పెట్టారు. పెట్టినవాళ్ళందరూ చదువులు ముగించుకుని వెళ్ళిపోయారు గానీ, ఆ పేరు ఆమెతోపాటు లోపలే ఉండిపోయింది.

బడిలో చేరిన రోజున తండ్రి ఆమెని పక్కకి పిలిచాడు.

"భోజనాల హాల్లో నన్ను నాన్నా అనకు తల్లీ. అందరూ ఎలా పిలిస్తే నువ్వూ అలాగే పిలువు. నీకే మంచిది."

ఆయన ప్రేమతోనే చెప్పాడు. ఆమె చదువుకున్నన్నాళ్ళూ కన్నతండ్రిని "మేస్త్రీ, ఇంకొంచెం అన్నం" అని అడిగి పెట్టించుకుంది. కూర బాగా లేదని బల్ల దగ్గర పిల్లలు మొహాలు చిట్లిస్తే తనూ చిట్లించేది. ఆయన గరిట పట్టుకుని పక్క బల్లకి జరిగేవాడు.

చదువయ్యాక అక్కడే చిన్నపిల్లల హాస్టల్లో సహాయకురాలిగా చేరింది. బడి ఆటల మాస్టారితో పెళ్ళయింది. పుట్టింటి నుంచి అత్తింటికి నాలుగు గుమ్మాల దూరం, అంతే. తండ్రి పోయిన కొన్నాళ్ళకి హాస్టల్ వార్డెన్ అయింది. బయట ఏ బట్టల కొట్టుకి వెళ్ళినా "మీరు ఆ బడిలో పనిచేస్తారటగా" అని కుర్చీ వేసేవారు. ఆ మర్యాదకి మాస్టారు ఉబ్బిపోయేవాడు. ఆమెకి మాత్రం ఎందుకో ఊపిరాడనట్టు ఉండేది. చీర రంగు కూడా చూసుకోకుండా పొట్లం కట్టించుకుని వచ్చేసేది.

వాళ్ళకి ఒక్కతే కూతురు. పొద్దున లేచింది మొదలు నోరు మూతపడదు కాబట్టి ఇంట్లోనూ చుట్టుపక్కలా అందరూ పిచ్చుక అనేవాళ్ళు. పెద్దపిల్లలు ఆ బడి కోట్లు తొడుక్కుని వరసగా నడుస్తుంటే కిటికీ ఊచలు పట్టుకుని చూసి, నాకెప్పుడు కుట్టిస్తారని ప్రాణం తీసేది. దానికి చేరే వయసొచ్చింది. సీటు ఖాయమైన రోజున మాస్టారు క్వార్టర్స్ అంతా తిరిగి మిఠాయి పంచాడు. ఆ సాయంత్రం తల్లి హాస్టల్ దుప్పట్లు మడతలు పెడుతుంటే పిల్ల గుమ్మంలో చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది.

"మేడమ్, లోపలికి రావచ్చా?"

తల్లి తలెత్తింది. పిల్ల కిలకిలా నవ్వింది.

"హాస్టల్లో నిన్ను అమ్మా అనకూడదంటమ్మా. ఆయా చెప్పింది. ఇప్పట్నుంచే అలవాటు చేసుకుంటున్నా."

ఆమె నవ్వలేకపోయింది. మడిచిన దుప్పటే విప్పి మళ్ళీ మడిచింది.

పాత నూలు మిల్లులో నడిచే ఇంకో బడి సంగతి ఆమె విని ఉంది. ఇక్కడ లెక్కలు చెప్పే టీచరొకామె ఉద్యోగం మానేసి పెట్టిన బడి. స్టాఫ్ రూములో దాని పేరెత్తితే నవ్వుకునేవారు. కంబళ్ళు బేరం చేసి వస్తానని చెప్పి ఆమె ఒకరోజు బస్సెక్కి అక్కడికి వెళ్ళింది. చూడటానికి ఏమంత గొప్పగా లేదు. మిల్లు పనివాళ్ళ గదులకి సున్నం కొట్టి మంచాలు వేశారు. వాన పడితే ఎక్కడ బకెట్ పెట్టాలో పిల్లలకి తెలుసు. ఆమె ఆఫీసు గదిలో కూర్చుని ఉండగానే ఒక అమ్మాయి వచ్చి, స్నానాల గది గడియ ఇంకా పడటం లేదని, ఆ బడి పెట్టిన హెడ్ టీచర్‌తో చెప్పింది. చేయిస్తానని ఆవిడ అంది.

"పోయిన వారం కూడా ఇదే మాట చెప్పారు మేడమ్."

వార్డెన్ తిరిగి ఆ పిల్ల వైపు చూసింది. తన హాస్టల్లో ఏ పిల్లయినా ఆ మాట అంటే పైవాళ్ళు దాన్ని ఆ ఏడాదంతా మనసులో పెట్టుకునేవారు. హెడ్ టీచర్ మొహం కొంచెం ఎర్రబడింది. సొరుగులోంచి స్క్రూడ్రైవర్ తీసుకుని ఆ పిల్ల వెంట నడిచింది. వార్డెన్ కూర్చున్న చోటే కూర్చుండిపోయింది. పిచ్చుకని ఇక్కడే వేయాలని అప్పుడే అనుకుంది.

అనుకోవడం తేలికే. ఇంటికొచ్చి చెప్తే మాస్టారు మొదట పరాచికం అనుకున్నాడు. కాదని తెలిశాక ఒంటికాలి మీద లేచాడు. ఊరంతా చేతులు చాచే సీటుని కాలదన్నుకుంటావా, నలుగురిలో నేను తలెత్తుకు తిరగొద్దా అన్నాడు. అత్తగారు పడకమీద నుంచే కోడలికి గాలి సోకిందేమో అంది. పిల్ల అయితే ఏడ్చి ఏడ్చి అన్నం మానేసింది. విషయం ప్రిన్సిపాల్ దాకా వెళ్ళింది. ఆయన గొంతు పెంచే మనిషి కాదు. కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. మన హాస్టల్ వార్డెనే తన పిల్లని వేరే చోట వేసిందంటే తల్లిదండ్రులకి మేమేం జవాబు చెప్పాలి అని మెత్తగా అడిగాడు. మీ కుటుంబం మూడు తరాలుగా మా మనుషులే అని కూడా అన్నాడు. ఆ మాటకి సంతోషించాలో భయపడాలో ఆమెకి తెలియలేదు. "అలాగే సార్" అని లేచి వచ్చేసింది. ఆ గదిలో ఆమె నోటికి ఇంకో మాట ఎప్పుడూ వచ్చింది కాదు.

పిచ్చుక కోటు తొడుక్కుని చేరింది. కొత్తపిల్లల వరసని మంచాల దగ్గరికి నడిపించింది తల్లే. కూతురు "నా మంచం ఏది మేడమ్?" అంటే చెయ్యెత్తి చూపించింది కూడా ఆమే.

కొన్నాళ్ళు బాగానే గడిచింది. ఒక రోజు హఠాత్తుగా గదుల తనిఖీ పెట్టారు. ఒక అమ్మాయి పరుపు కింద మొబైల్ దొరికింది. వార్డెన్ కూతురే చెప్పిందని పిల్లలు తేల్చేసుకున్నారు. నిజానికి ఆ మొబైల్ సంగతి దానికి తెలియనే తెలియదు. ఎవరూ దాన్ని కొట్టలేదు, తిట్టలేదు. అది గదిలోకి వస్తే మాటలు ఆపేసేవారు. భోజనాల హాల్లో అది కంచం పట్టుకుని వస్తే బెంచీ మీద పిల్లలు దగ్గరదగ్గరగా జరిగి సందు లేకుండా చేసేవారు. తల్లి ఆ హాల్లోనే గోడవారన నిలబడి చూసేది. చోటివ్వండి అని ఒక్క మాట గట్టిగా అనగలదు. అంటే వార్డెన్ కూతురన్న ముద్ర ఇంకా లోతుగా పడుతుంది. అనకపోతే పిల్ల నిలబడే ఉంటుంది. ఏం చేయాలో తోచక నీళ్ళ జగ్గులు ఒక బల్ల మీంచి ఇంకో బల్లకి మార్చేది. మాస్టారితో చెప్తే, పిల్లలన్నాక ఇలాంటివి మామూలే, అదే సర్దుకుంటుందిలే అన్నాడు.

సర్దుకున్నట్టే కనిపించింది. ఒక ఆదివారం ఇంటికొచ్చి గోడకి ఆనుకుని కూర్చుంది. ఆ మూల నుంచి చప్పుడే లేదు.

"ఏమైందే?"

"ఏం లేదు మేడమ్."

పిల్ల వేళాకోళానికి అనలేదు. ఏమన్నదో కూడా గమనించుకోలేదు. గోరు కొరుక్కుంటూ అలాగే నేలకేసి చూస్తూ కూర్చుంది.

మర్నాడు ఆమె ఎవరితోనూ చెప్పకుండా ప్రిన్సిపాల్ గదికి వెళ్ళింది. ఈసారి కూర్చోలేదు.

"నా కూతుర్ని తీసుకెళ్ళిపోతున్నాను సార్."

ఆయన కారణం అడిగాడు. ఇంకోసారి ఆలోచించుకోమన్నాడు. ఆమె ఆ మాటే మళ్ళీ అంది. ఆ మధ్యాహ్నమే పెట్టె సర్ది, పిల్లని బస్సెక్కించి మిల్లు బడిలో చేర్చింది.

దాని ఫలితం ఆమె అనుభవించింది. హాస్టల్ నుంచి తీసి బట్టల స్టోరుకి మార్చారు. కిటికీ లేని గది, పగలంతా దీపం వెలగాల్సిందే. దుప్పట్లూ తువ్వాళ్ళూ తప్ప మనిషి అలికిడి ఉండదు. మాస్టారు చాలాకాలం ఆమెతో ముక్తసరిగా తప్ప మాట్లాడలేదు. పిచ్చుక కూడా వెంటనే ఏమీ పొంగిపోలేదు. ఆ కోటు విడిచిపెట్టాల్సి వచ్చిందని మొదట్లో తల్లి మీద కారాలూ మిరియాలూ నూరింది. తలలో పేలు ఎక్కించుకుంది, లెక్కల్లో తప్పింది. చూడటానికి వెళ్తే, బూజు వాసన కొట్టే ఈ బడిలో పడేశావని బస్టాపులో అందరి ముందూ తిట్టింది. ఆమె తలొంచుకుని విని, బస్సెక్కాక కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. కానీ పిల్ల గొంతు తిరిగొచ్చిందని ఆ ఏడుపులోనే తెలిసింది.

మెల్లగా పిల్ల కుదురుకుంది. హెడ్ టీచర్ ఒకసారి తల్లిని అడిగింది, మీరూ ఇక్కడికే రాకూడదా, మా పిల్లలకి మీలాంటి మనిషి కావాలి అని. ఆమె ఆ మాట మోసుకుంటూ ఇంటికొచ్చింది. కొన్నాళ్ళు స్టోరులో దుప్పట్లు మడుస్తూ అదే ఆలోచించింది. మాస్టారి ఉద్యోగం ఇక్కడ, ఇల్లు ఇక్కడ, అత్తగారు మంచం దిగలేని మనిషి. రాలేనని కబురు చేసింది. కూతురికి తెరిచిన తలుపులోంచి తను బయటపడలేకపోయింది. దానికి ఎవరినీ అనలేదు.

చివరికి ఒక ఆదివారం మాస్టారు తనంతట తానే ఆమె వెంట పిల్లని చూడటానికి బయల్దేరాడు. మిల్లు ఆవరణలో ఆడపిల్లలు ఖోఖో ఆడుతున్నారు. పిచ్చుక వాళ్ళని చూసి చెయ్యూపింది గానీ ఆట వదిలి రాలేదు. అయిదు నిమిషాలు కాకముందే ఆయన లేచి గీత దగ్గరికి వెళ్ళి, వంగి పరిగెత్తు, వంగు అని కేకలు పెట్టాడు.

"నాన్నా, నువ్వు కూర్చో. మాకు చెప్పేవాళ్ళున్నారు."

చుట్టూ పిల్లలు నవ్వారు. మాస్టారు గీత వదిలి వచ్చి భార్య పక్కన కూర్చున్నాడు. తిరుగు బస్సులో ఇద్దరికీ టికెట్లు తీసుకున్నాడు.

"బాగా పరిగెడుతోంది," అన్నాడు.

ఆమె ఊఁ అంది. సోమవారానికి ఉతికిన దుప్పట్లు వరండాలో కుప్పగా పడి ఉంటాయి, చీకటి పడేలోగా స్టోరులోకి చేర్చాలి. బస్సు ఎక్కడెక్కడో ఆగుతుంటే, ఆ దుప్పట్లు తలుచుకుంటూ కూడా, ఇంకా ఆలస్యమైతే బాగుండునని ఆమె అనుకుంది.