ఘాటు తేల్చిన వాదన

గుడివాడ సభలో దిష్టి అనేదే లేదని వాదిస్తుంటే మైకు కీచుమంది. భరించలేక చెవులు మూసుకుని వేదిక దిగిపోయాను. "చూశారాండీ, ఆయనకే తగిలింది," అన్నాడు ప్రత్యర్థి. సభంతా నవ్వింది.

ఆ సంగతి విని బందరులో మా అత్తయ్య ఎండుమిరపకాయలు నా చుట్టూ తిప్పి నిప్పుల్లో వేసింది. ఘాటు రాకపోతే దిష్టి ఉన్నట్టని ఆమె లెక్క. ఘాటు కొద్దిగా వచ్చింది, అందరూ మామూలుగానే కూర్చున్నారు. నేనొక్కణ్ణే దగ్గి దగ్గి ఏడ్చాను.

"నీకు దిష్టీ లేదు, పాడూ లేదురా. చొక్కా కాలరు గుచ్చుతోందని పెళ్లిళ్లలో ఏడ్చినవాడివి, నీ తత్వమే అంత," అంది.

డాక్టరు గారు దాన్నే హైలీ సెన్సిటివ్ అన్నారు. జబ్బు కాదట.

నాకు దిష్టి లేదని చెప్పడానికి తరవాతి సభకు అత్తయ్యనే సాక్షిగా తీసుకెళ్లాను. ఇప్పుడు చెవుల్లో దూది పెట్టుకుని వాదిస్తున్నాను. ప్రత్యర్థి జవాబు సరిగా వినపడకపోవడం అదనపు లాభం.