గని స్నానశాల ఇత్తడి కీ

కుల్పాష్ బతుకంతా వేడినీళ్ళతోనే గడిచింది. గని మూతబడే దాకా గని స్నానశాలలో ఆమె ఉద్యోగం అదే. షిఫ్టు దిగి మూడొందల మంది మగాళ్ళు నల్లగా పైకొచ్చేసరికి గొట్టాల్లో నీళ్ళు సిద్ధంగా ఉండాలి. ఒళ్ళు కాలకూడదు, చల్లారిపోకూడదు. ఆమె థర్మామీటరు చూసేది కాదు. గొట్టం మీద అరచేయి ఆనించి చెప్పేది. ఒక్కోసారి చెయ్యి కూడా అక్కర్లేదు, గొట్టంలో చప్పుడు విని చెప్పేది.

కిటికీలోంచి సబ్బుముక్క, తువ్వాలు అందించే పని కూడా ఆమెదే. బొగ్గుమసిలో ముఖాలన్నీ ఒకేలా ఉంటాయి కాబట్టి మనుషుల్ని చేతుల్ని బట్టి గుర్తుపట్టేది. అలా గుర్తుపట్టిన చేతుల్లో ఒక జత సాగిందిక్‌ది. ఎడమచేతి చిటికెనవేలు సగమే ఉండేది.

"సబ్బు ఇంత చిన్నదిచ్చావేం?" అన్నాడు మొదటిసారి.

"నీకు వేలు తక్కువుంది కదా, సరిపోతుందిలే."

తమ పెళ్ళికి పెద్దలు కుదిర్చిన సంబంధమేమీ లేదు, ఆ సబ్బుముక్కే మధ్యవర్తి అని సాగిందిక్ చచ్చేదాకా చెప్పుకున్నాడు.

గని మూసేశాక వాళ్ళిద్దరూ ఉంటున్న గనివాళ్ళ పాత బారకాసులు కూల్చేశారు. సొంత ఇల్లు రాసిచ్చే జాబితాలో వాళ్ళ పేరు ఉండేదట. జాబితా ఏమైందో ఎవరికీ తెలీదు. ఇరవై రెండేళ్ళలో ఆరు అద్దె ఇళ్ళు మారారు. పిల్లలు లేరు, మారడం తేలికైంది. ఎవరింటి గోడకీ మేకు కొట్టకూడదని ఆమె మొదటి ఇంట్లోనే నేర్చుకుంది. చలి ఆపడానికి గోడకి వేసే తన తివాచీని ముందువాళ్ళు కొట్టి వదిలేసిన మేకులకే తగిలించేది. తివాచీ ఒక ఇంట్లో నిటారుగా ఉండేది, ఒక ఇంట్లో వంకరగా ఉండేది. కొత్త ఇంటికి వెళితే గదులు చూడదు, వంటగది చూడదు. ముందు కిటికీ కింద, వేడినీళ్ళు తిరిగి గదిని వెచ్చబెట్టే ఇనుప రేడియేటర్ మీద అరచేయి పెట్టి చూస్తుంది. ఆ ఊరి ఆడవాళ్ళ అలవాటు ప్రకారం మొగుణ్ణి పేరు పెట్టి పిలిచేది కాదు, ఇంటాయన అనేది. ఇల్లు ఎవరిదైనా, ఇంటాయన ఆయనే.

ఆరో ఇల్లు ఉమ్సిన్ అపాయ్‌ది. పెద్దావిడ కాబట్టి అందరూ ఆమెని అపాయ్ అంటారు. ఐదంతస్తుల సిమెంటు భవనంలో మూడో అంతస్తు. అప్పటికే సాగిందిక్ ఊపిరితిత్తుల నిండా బొగ్గుపొడి. మెట్టుకొకసారి ఆగుతూ ఒక పూటంతా ఎక్కాడు. ఎక్కినవాడు మళ్ళీ దిగలేదు. మంచం రేడియేటర్‌కి ఆనించి వేసింది. డాక్టరమ్మ వచ్చి వీపు మీద చెవి గొట్టం పెట్టి విని, కుల్పాష్‌ని వంటగదిలోకి తీసుకెళ్ళి చెప్పింది.

"వసంతం దాకా ఈయనకి చలి తగలకుండా చూసుకో. చూసుకుంటే ఇంకో ఏడాది ఉంటాడు. ఇంకొక్కసారి చలిపట్టిందా, నన్ను పిలిచి లాభం లేదు."

జనవరి మొదటి వారంలో వేడినీళ్ళ కొళాయి రెండుసార్లు ఎక్కిళ్ళు పెట్టి, ఎర్రటి నీళ్ళు కక్కి, ఆగిపోయింది. మర్నాటికి రేడియేటర్ పైభాగం గోరువెచ్చగా, అడుగు చల్లగా ఉంది. ఆ మర్నాటికి అంతా చల్లబడింది. బయట సున్నాకి ముప్పై డిగ్రీలు కింద. నిలువు గొట్టంలో తుప్పు పేరుకుంది, కడిగించాలి అని చెయ్యి పెట్టగానే ఆమెకు అర్థమైంది. భవనం చూసుకునే ఆఫీసుకి ఫోన్ చేసింది.

"ఇంటి యజమాని మీరేనా?" అంది అవతలి అమ్మాయి.

"కాదమ్మా, అద్దెకుంటున్నాం."

"యజమాని సంతకంతో అర్జీ కావాలి. అద్దెకున్నవాళ్ళు చెబితే మనిషిని పంపం."

ఉమ్సిన్ అపాయ్ అదే సాయంత్రం మూడంతస్తులు ఎక్కి వచ్చింది. ఒక మందపాటి ఉన్ని దుప్పటి, సంచీ నిండా ఎండబెట్టిన పెరుగు ఉండలు తెచ్చింది. సంతకం మాత్రం తేలేదు. డెబ్భై ఏళ్ళ మనిషి, కోడలి వంటగదిలో మడతమంచం మీద పడుకుంటుంది. ఈ ఇంటి అద్దే ఆమెకు తిండి.

"ఏదైనా అడుగు తల్లీ, సంతకం అడక్కు. సంతకం పెడితే అద్దెకిచ్చానని తేలిపోతుంది. పన్నువాళ్ళు వస్తారు, పింఛను కోసేస్తారని మా కోడలు అంటోంది."

"మీ కోడలు లాయరా అపాయ్?"

"కాదు. అరవడం మటుకు లాయరులాగే అరుస్తుంది."

సాగిందిక్ మంచం మీంచి నవ్వబోయి దగ్గాడు. ఆ దగ్గు ఆగేదాకా ముసలావిడ తలుపు దగ్గరే తల వంచుకుని నిలబడి, ఆగాక వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున కుల్పాష్ పెట్టె అడుగునుంచి కీ తీసింది. స్నానశాల మూసేసిన రోజు అందరూ తువ్వాళ్ళు, కొళాయిలు, అద్దాలు పట్టుకుపోయారు. ఆమె ఈ ఒక్కటే తెచ్చుకుంది. వేలెడంత ఇత్తడి కీ, కొసన నలుపలకల రంధ్రం. రేడియేటర్ చివర గాలి తీసే చిన్న కొళాయి ఉంటుంది, దాన్ని తిప్పేది ఇదే. తొట్టె పెట్టి తిప్పింది. ముందు గాలి బుసకొట్టింది, తరువాత నల్లటి నీళ్ళు, తరువాత చన్నీళ్ళు. రెండు బకెట్లు పారబోశాక గోరువెచ్చని నీళ్ళు వచ్చాయి. ఇటు నుంచి నీళ్ళు పోతూ ఉంటే అటు నుంచి వేడినీళ్ళు గొట్టాన్ని పట్టుకుని పైకొస్తాయి. అరగంటకి రేడియేటర్ ఒళ్ళు వెచ్చబడింది.

ఆ నీళ్ళు వృథా చేయలేదు. ఆయన కాళ్ళు, వీపు కడిగింది. ఇనుము వాసన కొట్టింది.

"ముందు సబ్బు మాత్రమే ఇచ్చేదానివి. ఇప్పుడు ఒళ్ళు కూడా రుద్దుతున్నావు. ఉద్యోగం పెరిగింది ముసలీ," అన్నాడు సాగిందిక్.

"జీతం పెరగలేదు. ఆ చెయ్యి ఎత్తు."

పై ఇంటి క్లావా ఆ మధ్యాహ్నమే దిగి వచ్చింది. మొగుడు పోయిన మనిషి, మూడేళ్ళ మనవరాలిని పెంచుకుంటోంది. "ఏం మంత్రం వేశావే? మా గొట్టం కూడా కాస్త వెచ్చబడింది," అంటూ వచ్చి తొట్టె చూసింది, కీ చూసింది. అడగడానికి మొహమాటపడలేదు. కుల్పాష్ ఇచ్చింది.

క్లావా నుంచి ఎదురింటికి, అక్కణ్ణుంచి అదే భవనంలో పక్క మెట్ల వైపు ఇళ్ళవాళ్ళకి కీ నడిచింది. పొద్దున వెళ్ళి సాయంత్రానికి కాగితంలో చుట్టుకుని వచ్చేది. వెంట ఒకసారి బంగాళాదుంప కూరిన రొట్టె, ఒకసారి చిన్న సీసాలో పండ్ల మురబ్బా. ఆరు ఇళ్ళలో ఇరవై రెండేళ్ళు ఆమె 'ఆ అద్దెకున్నావిడ'. ఇప్పుడు మెట్ల మీద కనబడిన ప్రతివాళ్ళూ ఆగి పేరు పెట్టి పలకరిస్తున్నారు. అది ఆమెకి బాగానే ఉంది. బాగాలేదంటే అబద్ధం.

తెలియక చేసిన పని కాదు. స్నానశాలలో కొళాయి వదిలేసి పోయిన కుర్రాళ్ళని చీపురు పట్టుకుని తరిమేది. "గొట్టం చివర నిలబడ్డవాడికి మీ అయ్యొచ్చి పోస్తాడా నీళ్ళు?" అని తిట్టేది. ఇక్కడ పారబోసిన ప్రతి బకెట్టుకీ అక్కడ భవనాలన్నిటికీ నీళ్ళు కాచి పంపే బాయిలర్‌లో ఒక బకెట్టు చన్నీళ్ళు పడతాయని ఆమెకంటే ఎరిగినవాళ్ళు ఆ భవనంలో లేరు. రెండు బకెట్లేగా అనుకుంది. అందరూ అదే అనుకున్నారు.

మూడో వారంలో బాయిలర్ హౌసు నుంచి తుర్గాన్ ఇల్లిల్లూ తిరుగుతూ వచ్చాడు. ఒకప్పుడు స్నానశాలలో ఆమె చేతికింద పొయ్యిలో బొగ్గు వేసినవాడు. తలుపు తీయగానే కిటికీ కింద తొట్టె కనబడింది. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"అక్కా, నువ్వు కూడానా."

కుల్పాష్ తొట్టెకి అడ్డంగా నిలబడింది.

"వేరేవాళ్ళయితే తెలియదు పాపం అనుకుంటాను. నాకు ఈ పని నేర్పిందే నువ్వు. నేను పొద్దస్తమానం చన్నీళ్ళు ఎక్కిస్తూనే ఉన్నాను, బాయిలర్ ఎక్కడ కాగుతుంది? గొట్టాల్లో ఒత్తిడి లేదు. ఇంకో నాలుగు డిగ్రీలు పడిందంటే పంపు ఆగిపోతుంది. అప్పుడు అందరికీ ఒకటే గతి."

"లోపల మనిషి ఉన్నాడు తుర్గాన్."

అతను గదిలోకి తొంగి చూశాడు. మూడు దుప్పట్ల కింద సాగిందిక్ చెయ్యెత్తి సగం వేలు ఆడించాడు. తుర్గాన్ చేతిలో జరిమానా పుస్తకం ఉంది. అందులో ఏమీ రాయలేదు. "ఆ తొట్టె కనబడకుండా పెట్టుకో అక్కా," అని చెప్పి, టోపీ పెట్టుకుని మెట్లు దిగాడు.

"కీ ఆ కుర్రాడికి ఇచ్చేయాల్సింది," అన్నాడు సాగిందిక్.

"ఇచ్చేస్తే?"

"నేనొక్కణ్ణే చలికి పోతాను."

"ఇవ్వకపోతే?"

"పదిమందితో కలిసి పోతాను. తోడుంటుంది. సరే, నీ ఇష్టం ముసలీ."

ఆమె ఇవ్వలేదు. రెండు రోజులకి ఎముకలు కొరికే చలి దిగింది. ఆ పొద్దున ఆమె చిన్న కొళాయి తిప్పితే చుక్క రాలేదు, గాలి కూడా రాలేదు. గొట్టానికి చెవి ఆనించింది. చప్పుడు లేదు. ముప్పై ఏళ్ళలో గొట్టం అంత నిశ్శబ్దంగా ఉండటం ఆమె వినలేదు. మధ్యాహ్నానికి రేడియేటర్ పెద్ద చప్పుడుతో నిలువునా పగిలింది. నీళ్ళు కారలేదు. పగులులోంచి మంచు నాలుకలా బయటికొచ్చింది. పైనా కిందా కూడా అలాంటి చప్పుళ్ళే వినబడ్డాయి, ఒకదాని తరువాత ఒకటి.

బడిలో ఒక హాలు వెచ్చగా ఉంచారని, ముసలివాళ్ళనీ పిల్లల్నీ అక్కడికి తెమ్మని కబురొచ్చింది. కింది ఇంటి మగాళ్ళు నలుగురు దుప్పటిలో మోసుకెళతామని వచ్చారు. సాగిందిక్ ఒప్పుకోలేదు.

"ఎక్కేటప్పుడు పూట పట్టింది. దిగితే మళ్ళీ ఎవడు ఎక్కుతాడు? ఇక్కడే ఉండనివ్వండి."

ఆమె గోడ మీది తివాచీ తీసి ఆయన మీద కప్పింది. విద్యుత్తు పొయ్యి వెలిగిస్తే భవనమంతా ఫ్యూజు పోతోంది. కరెంటు వచ్చినప్పుడు నీళ్ళు కాచి, సీసాల్లో పోసి, ఆయన పక్కన పెట్టింది. రెండు రోజులు దగ్గాడు. మూడోరోజు పొద్దెక్కాక దగ్గు ఆగింది. ఆమె అరచేయి ఆయన రొమ్ము మీదే ఉంది. చెయ్యి పెట్టి చెప్పడం ఆమెకు బాగా వచ్చిన విద్య. ఈసారి ఎవరికీ చెప్పలేదు. చాలాసేపు చెయ్యి తీయలేదు.

ఉమ్సిన్ అపాయ్ కబురందగానే వచ్చింది. కుల్పాష్ ఆమెను గడప దగ్గరే ఆపింది. "అపాయ్, అద్దె ఇంట్లో శవాన్ని ఉంచనిస్తారా అని అడగడానికి నాకు మొహం లేదు. మసీదు వాళ్ళనడిగి అక్కడికి..."

"నోర్ముయ్. ఇంటాయన ఇంట్లోంచే వెళ్తాడు. నీళ్ళు ఎక్కడ కాద్దాం, అది చెప్పు."

చనిపోయినవాళ్ళని వెచ్చని గదిలో ఉంచకూడదు. ఆ ఇంట్లో చలికి కొరత లేదు. స్నానం చేయించడానికి మాత్రం గోరువెచ్చని నీళ్ళు కావాలి. క్లావా ఇంట్లో ఒక కెటిల్, ఎదురింట్లో ఒకటి, పక్క మెట్ల నుంచి రెండు బాల్చీలు, ఫ్యూజు పోకుండా వంతులవారీగా కాచి తెచ్చారు. కీ తిరిగిన ఇళ్ళన్నిటి నుంచీ నీళ్ళు వచ్చాయి. స్నానం చేయించే మగవాళ్ళు లోపల తలుపు వేసుకోబోతుంటే కుల్పాష్ బాల్చీలో మణికట్టు ముంచి చూసింది.

"కాస్త చన్నీళ్ళు కలపండి. ఆయనకి ఇంత వేడి పడదు."

లోపల నీళ్ళ చప్పుడు అవుతుండగా ఉమ్సిన్ అపాయ్ వంటగదిలో సంచీలోంచి కాగితం తీసి, కిటికీ గట్టు మీద పెట్టుకుని అర్జీ మీద సంతకం చేసింది. చేతికి మందపాటి తొడుగు ఉండటంతో అక్షరాలు వంకరపోయాయి.

ఏడోరోజుకి గొట్టాలు అతికి, ఎక్కడిదో పాత రేడియేటర్ తెచ్చి బిగించారు. బాయిలర్ మళ్ళీ వెలిగింది. వేడి అంతంతమాత్రం. ఆడవాళ్ళు చేరి పోయినాయన పేర నూనెలో ఏడు రొట్టెలు వేయించారు. వేసవి దాకా ఉండు, అద్దె మాట ఎత్తను అంది ఉమ్సిన్ అపాయ్. అందరూ వెళ్ళాక క్లావా మిగిలింది. గిన్నెలు కడిగింది, తుడిచింది, తుడిచినవే మళ్ళీ తుడిచింది.

"కుల్పాష్. కీ ఉందా?"

"తుర్గాన్ ఏమన్నాడో విన్నావుగా."

"విన్నాను. పిల్లకి రెండు రోజుల నుంచి దగ్గు."

అది తను తుర్గాన్‌కి చెప్పిన జవాబే. పెట్టె తెరిచి, సాగిందిక్ చేతిరుమాలులో చుట్టి పెట్టిన కీ తీసి ఇచ్చింది. రుమాలు మాత్రం ఉంచుకుంది.

"బకెట్ కూడా కావాలా?" అంది.

"నాకుంది," అంది క్లావా, ఆమె ముఖం చూడకుండా.

కుల్పాష్ ఖాళీ మంచం మీద కూర్చుంది. పైన బకెట్ పెట్టిన చప్పుడైంది. గొట్టంలో నీళ్ళు కదిలాయి. మొదటి బకెట్, దాన్ని పారబోసిన చప్పుడు, రెండోది. ఆమె అరచేయి రేడియేటర్ మీద ఆనించింది. నీళ్ళు తన గది మీదుగానే పైకి పోతున్నాయి కాబట్టి అది నెమ్మదిగా వెచ్చబడింది, ఇంకాసేపటికి వేడెక్కింది. ఆ చలికాలం మొత్తంలో అంత వేడి ఎన్నడూ ఎక్కలేదు. షిఫ్టు పైకొచ్చే వేళకి ఉండాల్సినంత వేడి, ఒక డిగ్రీ ఎక్కువా తక్కువా కాదు.

మూడో బకెట్. ఒక్క అంతస్తు ఎక్కి ఇక చాలని చెప్పవచ్చు. ఆమె లేవలేదు. వేడి ఆ హద్దు దాటి చెయ్యి కాలుతున్నా చాలాసేపు అలాగే ఉంచింది.