సీటు వెనక కంత

ఇట్లా చాప మీదికి జరగండమ్మా, క్యాసెట్టు రీలు బయటికొస్తే పెన్సిలు పెట్టి చుట్టిన వయసు వాళ్ళయితే ఇంకా దగ్గరికి రండి, ఈ మాట మీకైతేనే బాగా ఎక్కుతుంది. మొన్న మా అల్లుడు కొత్త పికప్ బండి తెచ్చుకుని, అందులో పాటల పెట్టె బిగించడానికి మనిషిని పిలిపించాడు. ఆ వచ్చినాయన సీటు వెనక రేకులో ఉన్న కంతను చూసి, దీన్ని మూసేసి దీనిమీద స్పీకర్లు పెడదామా అని అడగడం వంటింట్లో ఉన్న నా చెవిన పడింది. గరిటె చేతిలో ఉండగానే బయటికొచ్చి వద్దన్నాను. అత్తయ్యకు బండ్ల సంగతి ఎట్లా తెలుసని మా అల్లుడు నవ్వాడు. అది మా పిన్ని వల్ల తెలిసింది.

మా ఆయన నరసరావుపేటలో, మా ఇంటి ముందు గదిలోనే, జీపులకూ పికప్ బండ్లకూ టేప్ రికార్డర్లు బిగించేవాడు. నాకు చదువు పెద్దగా లేకపోయినా, అన్నం పొయ్యి మీద ఉడుకుతుండగానే వచ్చి, ఎర్ర వైరూ నల్ల వైరూ కొసలు వలిచి ఆయనకు అందించేదాన్ని. మా వీధి చివర బాబాయి, ఆయన భార్య పిన్ని వాళ్ళుండేవాళ్ళు. వాళ్ళు వ్యవసాయం చేసుకునే హిందువులు, మేము ముస్లిములం, అయినా నేను బాబాయి అని పిలిస్తే ఆయన మా ఆయన్ని అల్లుడూ అనేవాడు. ఆయన పికప్ కొని, బెల్లంకొండ వైపు పల్లెల నుంచి మిరపకాయల బస్తాలు గుంటూరు యార్డుకు తోలేవాడు. పక్క సీటులో పిన్ని ఉండాల్సిందే. ఆయనకు కునుకు పట్టకుండా మాట్లాడుతుందని అందరికీ చెప్పేవాళ్ళు గానీ, అసలు సంగతి నాకు తెలుసు. వాళ్ళది అత్తమామలు, తోడికోడళ్ళు, వాళ్ళ పిల్లలతో కిటకిటలాడే ఉమ్మడి ఇల్లు. మొగుడూ పెళ్ళాం నోరు విప్పి నాలుగు మాటలనుకోవడానికైనా, పోట్లాడుకోవడానికైనా వాళ్ళకు ఆ క్యాబిన్ తప్ప చోటు లేదు.

మిరపకాయల రోజుల్లో బాబాయి పెద్ద స్పీకర్లు పెట్టించుకుందామని బండి తెచ్చాడు. సీటు వెనక, రబ్బరు రేకులు వేలాడుతున్న ఆ కంతను చూపించి, "ఏందల్లుడూ ఇది, ఘాటంతా దీంట్లోంచే వస్తంది, మూసెయ్" అన్నాడు. మాకూ నిజమేననిపించింది. మా ఆయన దాని మీద రబ్బరు షీటు అంటించి, గమ్ము పూసి, స్పీకర్ల డబ్బాను దానికి ఆనించి బిగించాడు. పాట మాత్రం వీధి వీధంతా వినిపించింది.

అప్పటి నుంచి తలుపు పడటం మానేసింది. ఎంత బలంగా వేసినా సగం పడి ఆగేది, చెవులు గుయ్యిమనేవి, ఘాటు తగ్గకపోగా ఇద్దరూ దగ్గుకుంటూ దిగేవాళ్ళు. ఒకనాడు ఫిరంగిపురం దాటాక మలుపులో పిన్ని వైపు తలుపు ఊడినట్టు తెరుచుకుంది. పక్కనున్న కడ్డీ పట్టుకోబట్టి ఆమె సీట్లో మిగిలింది గానీ, కొంగు చిరిగింది. ఆ సంగతి ఇంట్లో తెలిసి, బాబాయి వాళ్ళమ్మ ఇక కోడలు బండి ఎక్కడానికి వీల్లేదని తేల్చేసింది. ఆ ఇంట్లో ఆమె మాటకు తిరుగులేదు.

మర్నాడు బాబాయి వచ్చి, "నువ్వా డబ్బా పెట్టిన కాడ్నుంచే ఇదంతా" అని మా ఆయన మీద విసుక్కున్నాడు. మా ఆయన గొళ్ళెం చూశాడు, బందులకు నూనె వేశాడు, ఏ లోపమూ దొరకలేదు. వెంట వచ్చిన పిన్ని మాత్రం సీట్లో కూర్చుని, దిగులుగా తలుపు తీస్తూ వేస్తూ ఉంది. ఉక్కపోసి అద్దం దించిందో ఏమో, తలుపు వేలితో నెడితే పడింది. అద్దం ఎక్కించి వేస్తే పడలేదు.

"ఏమయ్యో, అద్దం దించితే పడతంది చూడు. ఎక్కిస్తే లోపల గాలి యాడికి పోవాల?" అంది.

మా ఆయన డబ్బా విప్పి షీటు పీకేశాడు. నేనొక ఊదుబత్తి వెలిగించి ఇచ్చాను. బండిలో ఫ్యాను వేసి అద్దాలు ఎక్కిస్తే, పొగ ఆ రబ్బరు రేకుల్ని పైకెత్తుకుని బయటికే పోయింది. లోపలి గాలి పోవడానికి పెట్టిన దారిని, బయటి గాలి వచ్చే దారనుకున్నాం మేమందరం.

"మరి ఘాటు యాడ్నుంచి వస్తందే?" అన్నాడు బాబాయి.

"నీ చొక్కాలోంచి. బస్తాలెత్తి అట్టనే ఎక్కి కూచుంటావ్" అంది పిన్ని.

మా ఆయన కొయ్య దిమ్మెలు పెట్టి, కంతకు ఎడంగా డబ్బా మళ్ళీ బిగించాడు. బాబాయి బండిని నేరుగా వాళ్ళింటి ముందు ఆపి, అద్దాలు ఎక్కించి, వాళ్ళమ్మ చేతనే తలుపు వేయించాడు. మెత్తగా పడింది. ఆమె ఒకసారి చాలక మళ్ళీ తీసి వేసి చూసి, "ఎక్కవే, కొంగు మాత్రం లోపలికి లాక్కో" అంది. పిన్ని అప్పటికే సగం ఎక్కి ఉంది.

ఆ తరువాత బాబాయి బండి తోలినన్నాళ్ళూ పిన్ని ఆయన పక్కనే వెళ్ళింది. పాట పెద్దగా వినిపించిందంటే లోపల పోట్లాట జరుగుతోందని మా వీధివాళ్ళం అనుకునేవాళ్ళం. ఇప్పుడు మా ఇంట్లో ఎవరి గది వాళ్ళకుంది, ఎవరి పాట వాళ్ళ చెవిలో ఉంది, మా అల్లుడు గుంటూరు దాకా ఒక్కడే పోయి ఒక్కడే వస్తాడు. చోటు దొరకడం తేలికైంది, అందులోకి రెండో మనిషి రావడమే తగ్గింది. దేవుడి దయవల్ల మీ ఇళ్ళల్లో మాత్రం, పోట్లాటకైనా సరే, పక్కన ఒక మనిషి ఎప్పుడూ ఉండాలి తల్లీ.