చెరకు బండ్లు దారి ఇచ్చిన గంగుబాయి

మా చేలో చెరకు మోపులు కట్టే గంగుబాయి నోరు ఊరికే ఉండేది కాదు. మాటలైనా ఉండాలి, పాన్ అయినా ఉండాలి. మేము కృష్ణా జిల్లా నుంచి వచ్చి బోధన్ దగ్గర కాలువ కింద పొలం కొనుక్కున్నవాళ్లం. "చెంచులక్ష్మమ్మా, మీరు మాట్లాడుతుంటే పాట పాడినట్టున్నది. పనెప్పుడు జేస్తరు?" అని నన్ను వెక్కిరించేది. నాకు ఒళ్లు మండేది. అయినా ఆమె రాని రోజు చేను బోసిపోయేది.

1964 చలికాలం. మగవాళ్లు చెరకు నరుకుతుంటే ఆడవాళ్లు వెనకే నడుస్తూ, పచ్చి ఆకును తాడులా మెలిపెట్టి మోపులు కట్టేవాళ్లు. ఆకు కోసం వంగిన గంగుబాయిని మడమ పైన ఏదో కరిచింది. ఎండాకుల కింద సర్రున జారిపోయింది తప్ప అది ఏ పామో ఎవరూ చూడలేదు. ఆమె భర్త సిద్దిరాములు పరుగెత్తుకొచ్చి తాడుతో పిక్క బిగించాడు. తర్వాత వేపాకు తెచ్చి నమిలించాడు. చేదు తెలిసిందంటే విషం ఎక్కలేదని అక్కడ అందరి నమ్మకం.

"ఎట్లున్నదే?" అని అడిగాడు.

"సేదున్నది. నువ్వు నములు, తెలుస్తది!" అంది.

అందరూ నవ్వారు. ఊపిరి పీల్చుకున్నారు. ఆసుపత్రికి వెళ్దామని నేను మొత్తుకున్నాను. "సేదు తెలుస్తుంటే దవాఖాన ఎందుకమ్మా," అని సిద్దిరాములు నా మాట కొట్టిపారేశాడు. ఆ వేపచెట్టును నరికించాలన్నంత కోపం వచ్చింది నాకు.

గంగుబాయి గట్టు మీద కూర్చుంది. కాలు ఉబ్బి, వాపు మోకాలిదాకా వచ్చింది. పక్కకు తిరిగి ఎర్రగా ఉమ్మింది.

"కాలు గింత వాసినా పాన్ ఇడవలే సూడుండ్రి," అని సిద్దిరాములు ఆటపట్టించాడు.

ఆమె నవ్వలేదు. "పొద్దటి సంది పాన్ ఏసుకోలే. సంచి ఇంట్లనే మరిసొచ్చిన," అంది. నోరు తెరిచి చూపించింది. చిగుళ్లన్నీ నెత్తురు కారుతున్నాయి.

అప్పుడు కదిలాం. ఖాళీ బండి కట్టించి, ఆమెను పడుకోబెట్టి, బోధన్ దారి పట్టాం. అక్కడి చక్కెర ఫ్యాక్టరీ నడిచే రోజులు. దారి పొడవునా చెరకు బండ్లే. వరుస తప్పిన బండి మళ్లీ చివరికి పోవాలి, ఈలోగా చెరకు ఎండి తూకం పడిపోతుంది. అందుకే ఆ వరుసలో సొంత తమ్ముడికి కూడా ఎవరూ చోటివ్వరు. ఈ మనుషులు మాకు దారిస్తారని నేననుకోలేదు.

సిద్దిరాములు దూకి ముందుకు పరుగెత్తాడు. "పాము కరిసింది అన్నా, జర జరుగుండ్రి!" అని అరిచాడు.

చివరి బండివాడు మారుమాట లేకుండా ఎడ్లను పొలంలోకి దింపాడు. వాడి ముందువాడూ దింపాడు. ఒకరిని చూసి ఒకరు దిగిపోతూనే ఉన్నారు. ఒక బండి ఒరిగిపోయి చెరకంతా బురదలో పడింది. ఆ రైతు దాని వంక చూడనైనా లేదు. "పోండ్రి, పోండ్రి!" అని మమ్మల్నే తరిమాడు. నేను ఏడుస్తూ దండం పెట్టాను.

ఆసుపత్రిలో డాక్టరు ఆమె రక్తం కొంచెం గాజు గొట్టంలో పోసి, కదపకుండా ఉంచారు. తర్వాత వంచి చూస్తే అది నీళ్లలా జారింది. "రక్తపింజర. విషం రక్తాన్ని గడ్డకట్టనివ్వడం లేదు. దీనికి వేపాకేం చేస్తుంది?" అన్నారు. పాము విషానికి విరుగుడు మందు పొడిగా ఉంది. దాన్ని నీళ్లలో కలిపి నరానికి ఎక్కించారు. కాసేపటికే గంగుబాయి ఒళ్లంతా దద్దుర్లు లేచాయి. గజగజ వణికిపోయింది.

"తీసెయ్యుండ్రి సార్, మందే సంపుతది!" అని సిద్దిరాములు డాక్టరు కాళ్ల మీద పడ్డాడు.

"ఈ మందు గుర్రం రక్తంతో చేస్తారు. కొందరికి పడదు. దానికి వేరే సూదుంది. కానీ విరుగుడు మానేస్తే మనిషి దక్కదు," అని డాక్టరు మందు కాసేపు ఆపి, ఆ సూది వేసి, మళ్లీ ఎక్కించారు. గొట్టంలో రక్తం మళ్లీ జారింది. ఇంకా మందు ఎక్కించారు. తెల్లారి గొట్టం తలకిందులు చేస్తే రక్తం గడ్డకట్టి అలాగే నిలిచింది. ఆ డాక్టరుగారి చేతులు చల్లగా ఉండాలని ఇవాళ్టికీ కోరుకుంటాను.

గంగుబాయి బతికింది. కాలు కొంచెం ఈడ్చేది, నోరు మాత్రం మునుపటిలాగే ఆడేది. డాక్టరుకు దండం పెట్టి వచ్చింది గానీ, దారి ఇచ్చిన బండ్లవాళ్లెవరో ఆమెకు తెలియదు. అందుకని ఏటా ఫ్యాక్టరీ నడిచినన్నాళ్లూ మజ్జిగ కుండ ఎత్తుకుని ఆ వరుస పొడవునా తిరిగేది.

ఒకసారి నేనూ వెంట వెళ్లాను. మీసాలు అప్పుడే మొలుస్తున్న బండివాడొకడు ఆ మజ్జిగ ఎందుకో విని లోటా అందుకోలేదు. "నేను మాక్లూర్ నుంచి ఈ ఏడే వస్తున్న అవ్వా. ఆ దినం నేను లేను," అన్నాడు.

"లేకుంటివి, సరే," అంది గంగుబాయి. "ఉంటే నీ బండి దించకపోతుంటివా? తాగు బిడ్డా."

వాడు రెండు చేతులా లోటా అందుకున్నాడు.