పేరు పలకకూడని అంకె

బీజగణితం అంటే చాలామందికి చలిజ్వరం. నాకు మాత్రం చింతగింజల చప్పుడు గుర్తొస్తుంది.

సముద్రాల అవతలి దీవిలో, టాబియా అనే ఊళ్లో, చెరకు పొలాల పక్కన ఒక రెల్లుపాకే మా బడి. మా పంతులుగారు స్వదేశంలో పిల్లలకు చదువు చెప్పిన మనిషి. గుమాస్తా ఉద్యోగమని నమ్మించి ఆయన్ని ఓడెక్కించారు, దిగాక చేతికి పార ఇచ్చారు. గిర్మిట్ అనే ఆ కూలి ఒప్పందం తీరేదాకా చెరకులో కలుపు తవ్వి, తీరగానే ఆయన చేసిన మొదటి పని మాకు బడి పెట్టడం. ఆ మనిషి మీద నాకున్న గౌరవం ఇప్పటికీ పిసరంత తగ్గలేదు.

పుస్తకాల్లేవు. ఒక కావడిబద్దను దూలానికి వేలాడదీసి, రెండు కొసలా కొబ్బరిచిప్పలు కట్టారు. అదే మా తక్కెడ. పిండిసంచి గుడ్డలో చింతగింజలు మూటకట్టి ఒక చిప్పలో వేసేవారు. మూట విప్పకుండా లోపల ఎన్ని గింజలున్నాయో మేం చెప్పాలి. ఒట్టి గుడ్డకూ బరువుంటుందని అవతలి చిప్పలో అంతే గుడ్డ వేసేవారు. ఎంత పట్టింపో చూడండి.

రెండు కొలతలు కలిపి వర్గం చేయడం మాకు ఓ పట్టాన ఎక్కలేదు. బడి ముందు అలికించి, నలుచదరంగా గళ్ల ముగ్గు వేయించారు. పెద్ద గడి ఒకటి, చిన్న గడి ఒకటి, మిగిలిన మూలల్లో పొడుగు గళ్లు రెండు. ఆ పొడుగు గళ్లు రెండిటినీ మరిచిపోవడమే మా తప్పని కళ్లారా కనబడింది. మగపిల్లలు ముగ్గు పట్టడానికి సిగ్గుపడితే, “లెక్క రానందుకు సిగ్గుపడండిరా, ముగ్గుకెందుకు?” అన్నారు.

మూటలో ఉన్నదాన్ని ఎక్సు అనాలన్నారు. ఎంతో తెలియనిదానికి పేరెందుకని నేను అడిగాను.

“మీ అమ్మ మీ నాన్నని పేరుపెట్టి పిలుస్తుందా?”

“లేదండి. మావోళ్లు అంటాది.”

“ఎవర్నంటుందో నీకు తెలీదూ?”

“తెలుస్తాదండి.”

“ఎక్సూ అంతే. పేరు పలకం. మనిషి మాత్రం ఉన్నాడు.”

పాకంతా నవ్వింది. నాకు లెక్క ఎక్కింది, మగపిల్లలకు ఆట దొరికింది. ఆనాటి నుంచి వాళ్లు కనబడితే చాలు, “నీ ఎక్సు పేరేటే?” అని ఏడిపించేవాళ్లు.

ఆ రోజుల్లోనే లబాసా మిషన్ పెద్దబడికి పిల్లల్ని ఏరడానికి ఒక దొరసాని వస్తోందని కబురొచ్చింది. ఈ దేశంలో మనవాళ్లలో ఆడవాళ్లు తక్కువ, అందుకని పెళ్లికొడుకులు అప్పటికే మా ఇంటి చుట్టూ తిరుగుతున్నారు. నాన్న ఒకటే మాట అన్నాడు. “సీటిస్తే ఎల్లు. ఇయ్యకపోతే ఇస్కూల్ ఖతం, పెళ్లి సేసేస్తాను.”

పరీక్షనాడు పెద్దలంతా పాక బయట చేరారు. దొరసాని తక్కెడలో ఒకవైపు సమానమైన మూటలు రెండు, మూడు విడిగింజలు వేసింది. అవతల పదిహేడు గింజలు, పంతులుగారి పద్ధతి ప్రకారం రెండు ఒట్టి గుడ్డలు. నేను రెండువైపులా మూడేసి గింజలు తీసేశాను. మిగిలినవాటిని సగం చేశాను.

“ఎక్స్ కిత్నా?” అని హిందీలో, ఎంతో చెప్పమంది.

గుమ్మంలో నాన్న ఉన్నాడు. వెనక మగపిల్లలు కిసుక్కుమన్నారు. ఎంత అడిగినా తల వంచుకు నిలబడ్డాను. దొరసాని నిట్టూర్చి, వెళ్లమని చెయ్యి ఊపింది. నేను బయటికొచ్చి ఏడ్చేశాను.

“రాలేదా?” అన్నారు పంతులుగారు.

“వచ్చిందండి. పేరు సెప్పకూడదు కదండీ.”

ఆయన కోప్పడతారనుకున్నాను. లోపలికెళ్లి దొరసానిని ఇంకొక్క అవకాశం ఇమ్మని బతిమాలి, తిరిగొచ్చి గుమ్మంలో నిలబడ్డారు. రెండు చేతులూ చాచి దారికి అడ్డం పెట్టారు.

మా పెళ్లిళ్లలో కొత్త కోడలు అత్తింటికి వచ్చినప్పుడు ఆడపడుచు అలాగే అడ్డం నిలబడుతుంది. మొగుడి పేరు పలికితేనే లోపలికి రానిస్తుంది. ఆడదాని నోట ఆ పేరు తప్పనిపించకుండా వినబడేది ఆ ఒక్కసారే.

“పేరు చెప్పి లోపలికి రా, వదినా,” అన్నారు, అంత మీసాలున్న మనిషి.

ముందు నాన్నే నవ్వాడు. ఆ తర్వాత పెద్దలంతా నవ్వారు. ఏడుపులోనే నాకూ నవ్వొచ్చింది.

“ఏడు,” అన్నాను.

ఆయన చేతులు దించి, లోపలికి తిరిగి ఆ అంకె హిందీలో చెప్పారు. దొరసానికి ఈ తతంగం ఏమీ అర్థం కాలేదు. మూట విప్పి గింజలు లెక్కపెట్టుకుంది, మళ్లీ లెక్కపెట్టుకుంది, నన్ను చూసి తలూపింది.

నాన్న తలపాగా తీసి చేత్తో పట్టుకుని పంతులుగారి దగ్గరికెళ్లాడు.

“పెద్దబడికి పిల్లకి బట్టలేటి కుట్టించాలండి?” అని అడిగాడు.